పువ్వు అడుగున చిల్లు ఎవరిది? గండు తుమ్మెద తేనె దోపిడీని ఇంటి దగ్గరే పట్టుకోవడం ఎలా

టెకోమా చెట్టు మీరు చూసే ఉంటారు, పేరు తెలీకపోయినా సరే, రోడ్డు డివైడర్ల మీదా అపార్ట్‌మెంట్ కాంపౌండ్ గోడల పక్కనా పసుపుపచ్చ గంటల పూలు గుత్తులుగా పూస్తుంది కదా, అదే. పొద్దున్నే దాని కింద రాలిన పూలు ఓ పిడికెడు ఏరి, ఒక్కోటీ వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. గొట్టం అడుగు భాగంలో, పక్కగా, బ్లేడుతో గీసినట్టు సన్నటి నిలువు చీలిక కనబడితే ఆ పువ్వులో తేనె దొంగదారిన పోయిందన్నమాట. ఒక జాగ్రత్త, రాలిన పువ్వుకి కింద కొసన గుండ్రటి కన్నం ఎలాగూ ఉంటుంది, అది పువ్వు ఊడొచ్చిన చోటు, దాన్ని లెక్కెయ్యకండి. మనకి కావాల్సింది దానికి కాస్త పైన, గొట్టం గోడ మీద ఉండే చీలిక. అంచులు కొరికేసి పెద్దపెద్ద బొక్కలుంటే అది పురుగుల పనో మిడతల పనో అయ్యుంటుంది, అదీ వేరు.

ఈ చీలిక పెట్టేది ఎక్కువగా గండు తుమ్మెద. నల్లగా లావుగా ఉండి, రెక్కలు ఎండలో నీలంగా ఊదాగా మెరుస్తూ, హెలికాప్టర్ మోతతో వచ్చేది. చాలామంది దీన్ని చూసి పరిగెడతారు కానీ నిజానికి అంత భయం అక్కర్లేదు, మగవాటికి కొండే ఉండదు, మీ మొహం ముందు గాల్లో నిలబడి దబాయించేవి చాలావరకు అవే, ఆడవాటికి కొండి ఉన్నా చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టడం అరుదు. మన దగ్గర తేలిగ్గా గుర్తుపట్టగలిగేవి రెండు రకాలు. జైలోకోపా లాటిపెస్ అనేది మొత్తం నలుపు, సైజులో ప్రపంచంలోని పెద్ద తేనెటీగ జాతుల్లో ఒకటి. జైలోకోపా ప్యూబెసెన్స్ కొంచెం చిన్నది, ఆడదానికి వీపు మీద పసుపు నూగు, మగది దాదాపు మొత్తం పసుపు. ఈ రెండింటి గూళ్ళ గురించీ అవి ఏ పూల మీద వాలతాయన్న దాని గురించీ విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి చెందిన సాల్మన్ రాజు గారు, ఇంకో సహ పరిశోధకుడు కలిసి 2006లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు, అంటే ఇది ఎక్కడో అమెజాన్ అడవుల సంగతి కాదు, మన బీచ్ రోడ్ పక్క సంగతే.

అసలు ఇది ఎందుకు అడ్డదారి తొక్కుతుందంటే, గొట్టం పువ్వులో తేనె అట్టడుగున ఉంటుంది, ముందు నుంచి దూరాలంటే ఒళ్ళు పట్టదు, నాలుక అంతదూరం అందదు. ఇక దాని నాలుకని కప్పి ఉండే భాగాలు గట్టిగా మొనదేలి ఉంటాయి, వాటిని గొట్టం గోడలో గుచ్చి చీల్చి, ఆ సందులోంచి నాలుక పెట్టి తాగేసి పోతుంది. పుప్పొడి ఉండేదేమో పైన, గొట్టం లోపల పైకప్పు కింద. అంటే తేనె అనే కూలి తీసుకుంది, పుప్పొడి మోసే పని చెయ్యలేదు. పద్యాల్లో తుమ్మెదకి ఉన్న ఇమేజ్‌కీ దీనికీ అస్సలు పొంతన లేదు.

సరే, గమనించడం ఎలా. ఎండాకాలమైతే ఏడింటికల్లా చెట్టు దగ్గర ఉండండి, చలికాలమైతే కొంచెం లేటైనా పర్లేదు, గండు తుమ్మెదలు తేనె కోసం పొద్దుటి పూటే బాగా తిరుగుతాయి. చెట్టుకి మరీ ఆనుకుని నిలబడొద్దు, రెండు మూడడుగుల దూరంలో, మీ నీడ పూల మీద పడకుండా. మొత్తం చెట్టుని చూడాలని ప్రయత్నిస్తే ఏమీ కనబడదు, నాలుగైదు గుత్తులు ఎంచుకుని వాటి మీదే కళ్ళు పెట్టండి. ఫోన్ స్లో మోషన్‌లో పెట్టి తీస్తే తుమ్మెద గొట్టాన్ని పైనుంచి కావలించుకుని తల కిందికి పెట్టి అడుగున గుచ్చడం చాలా క్లియర్‌గా కనిపిస్తుంది, మామూలు కంటికి అది ఒక్క క్షణంలో అయిపోతుంది, వచ్చింది, ఆగింది, పోయింది అంతే.

వచ్చిన ప్రతిదాన్నీ దొంగ అని రాసెయ్యకండి, ఇక్కడే చాలామంది గందరగోళపడతారు. అమెరికాలో డేవిడ్ ఇనౌయే అనే ఆయన 1980లో ఈ దొంగల్ని రకాలుగా విడదీశాడు, ఇప్పటికీ అందరూ అదే వాడుతున్నారు. మొదటి రకం చిల్లు తనే పెట్టేది, గండు తుమ్మెద అలాంటిది. రెండో రకం ఎవరో పెట్టిన చిల్లు వాడుకునేది, చిన్న తేనెటీగలూ చీమలూ తరచూ ఈ పనే చేస్తాయి, వీటికి గొట్టం చీల్చే శక్తి లేదు కానీ చీల్చింది దొరికితే ఊరుకోవు. ఇంకో రకం చిల్లే లేకుండా ముందు ద్వారంలోంచే వెళ్ళి, ఒళ్ళు మరీ చిన్నది కావడం వల్ల పుప్పొడికీ కీలాగ్రానికీ (పుప్పొడి అందుకునే ఆడ భాగం కొస) తగలకుండా తాగి వచ్చేసేది. మరో రకం రేకలు విడివిడిగా ఉండే పూలల్లో అడుగు సందులోంచి నాలుక దూర్చేది. టెకోమాలో మీకు ముఖ్యంగా మొదటి మూడూ కనిపిస్తాయి. అన్నట్టు తేనెపిట్టలు కూడా ముక్కుతో గొట్టం పొడుస్తాయి, కాబట్టి చిల్లు కనబడగానే తుమ్మెద మీదకి తోసెయ్యకుండా కాసేపు నిలబడి ఎవరొచ్చారో చూడటమే మంచిది.

ఇప్పుడు అసలైన ట్రిక్. టెకోమా పువ్వు లోపలికి చూస్తే పైకప్పు కింద నాలుగు కేసరాలు, వాటి మధ్యలోంచి ఒక కాడ, దాని చివర రెండు చిన్న రెక్కలుగా విడిపోయిన కీలాగ్రం ఉంటుంది. ఎండు గడ్డిపరక ఒకటి తీసుకుని ఆ రెండు రెక్కల లోపలి వైపు మెల్లగా తాకండి. చూస్తుండగానే మూసుకుంటాయి. చూడని వాళ్ళు పిల్లలతో కలిసి తప్పకుండా చూడాల్సిన సంగతి ఇది. ఏదైనా తేనెటీగ పుప్పొడితో లోపలికి వస్తే వీపు దానికి తగులుతుంది, అది మూసుకుంటుంది, పుప్పొడి సరిపడా అందితే మూసే ఉంటుంది, ఊరికే తాకి పోతే కాసేపటికి మళ్ళీ తెరుచుకుంటుంది. ఇది మీకు ఎలా పనికొస్తుందంటే, అడుగున చీలిక ఉండి కీలాగ్రం తెరిచే ఉందనుకోండి, దొంగ వచ్చాడు కానీ పనివాడు ఇంకా రాలేదని. చీలికా ఉండి కీలాగ్రమూ మూసుకుని ఉంటే ఇద్దరూ వచ్చారు. చీలిక లేదు, మూసుకుని ఉంది అంటే నిజాయితీ ఈగ ఒక్కటే. రెండూ లేకపోతే చాలావరకు ఎవరూ రానట్టే. ఈ నాలుగు గడులు నోట్‌బుక్‌లో గీసుకుని, చెట్టు మీద ఉన్న తాజా పూలని చెయ్యి తగలకుండా చూసి టిక్కులు పెట్టుకుంటూ పోతే ఒక్క పూటలో మీ చెట్టు పరిస్థితి తెలిసిపోతుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజు వద్దు, గాలికి ఊగి రాసుకున్నా కొన్ని మూసుకోవచ్చు, అప్పుడు లెక్క తప్పుతుంది.

ఇంతవరకూ చూసింది దొంగతనం జరుగుతోందా లేదా అన్నదే. దానివల్ల చెట్టుకి నష్టం ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న, అది చిల్లుల్ని లెక్కపెడితే తేలదు, విత్తనాలు లెక్కపెడితేనే తేలుతుంది. నా గొడవంతా ఇదే, ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా చిల్లు ఫొటో పెట్టి "పాపం మొక్క" అని రాసేస్తారు, చివరికి ఆ మొక్కకి కాయలు ఎన్ని కాశాయో ఒక్కరూ చెప్పరు.

దానికి చిన్న ప్రయోగం ఒకటి చెయ్యొచ్చు, ఖర్చు పెద్దగా ఉండదు. లస్సీకి ఇచ్చే లావు స్ట్రాలు, రంగురంగుల ఊలు దారం, ఫంక్షన్లలో రిటర్న్ గిఫ్టులు పెట్టిచ్చే వల సంచులు ఉంటాయి కదా అవి కొన్ని, ఒక చిన్న కత్తెర. మొగ్గ రేపు విచ్చుకుంటుంది అనుకునే దశలో ఉన్నవాటిని ఎంచుకోండి. కొన్నిటికి స్ట్రాని చిన్న ముక్కగా కోసి, నిలువుగా చీల్చి, గొట్టం అడుగు భాగం చుట్టూ తొడగండి, పువ్వు ముందు భాగం తెరిచే ఉండాలి, అంటే దొంగకి తలుపు మూశాం, అతిథికి మూయలేదు. ఇంకొన్నిటికి అదే స్ట్రా ముక్క పువ్వు కాడకి తొడగండి, గొట్టానికి కాదు, ఇది ఎందుకంటే స్ట్రా ఉండటం వల్లే ఈగలు భయపడ్డాయేమో అనే అనుమానం తీరాలి కదా, అందుకు. మూడో గుంపుని ఏమీ చెయ్యకుండా దారం మాత్రం కట్టి వదిలెయ్యండి. నాలుగో గుంపుకి వల సంచి మొత్తం తొడిగెయ్యండి, ఎవరూ రాకపోతే ఏమవుతుందో దాంతో తెలుస్తుంది. ఒక్కో గుంపుకి ఒక రంగు దారం. ఒక్కో గుంపులో కనీసం ముప్ఫై పూలన్నా ఉంటే బాగుంటుంది, అవి కూడా ఒకే కొమ్మ మీద కాకుండా నాలుగైదు చెట్ల మీద పంచండి, ఒకే చెట్టు మీద చేస్తే మీరు చూసేది ఆ చెట్టు గుణమే అవుతుంది.

పువ్వు రాలగానే స్ట్రాలూ సంచులూ తీసెయ్యాలి, ఇది మర్చిపోతే రాలాల్సిన గొట్టం లోపలే కుళ్ళి పిందె పాడవుతుంది. తర్వాత ఓపిక పట్టాలి. కాయ పొడుగ్గా సన్నగా వస్తుంది, గోధుమ రంగుకి తిరిగాక పగలకముందే కొయ్యండి, ఎందుకంటే లోపల ఉండేవి రెక్కలున్న పల్చటి విత్తనాలు, కాయ పగిలిందంటే గాలికి ఎగిరిపోతాయి, మీ డేటా పక్కింటి టెర్రస్ మీదకి పోతుంది. కాయల్ని మాత్రమే లెక్కపెట్టి ఆగిపోవద్దు, ఒక్కో కాయలో గింజలెన్ని, వాటిలో నిండుగా ఉన్నవెన్ని అన్నది రాయండి, చాలాసార్లు తేడా బయటపడేది అక్కడే.

తేనె ఎంత పోయిందో కూడా కొలవాలనిపిస్తే, కాలేజీ ల్యాబ్ తెలిసినవాళ్ళుంటే సన్నటి గాజు క్యాపిలరీ ట్యూబులు దొరుకుతాయి, అది పువ్వు అడుగున పెడితే తేనె పైకి పాకుతుంది, స్కేలుతో పొడవు కొలిస్తే చాలు. చిల్లున్న పూలవీ లేనివీ విడివిడిగా కొలవండి, ఒకే టైముకి.

ఇక ఫలితం ఎలా చదవాలి అంటే, ముందే ఒక నిర్ణయానికి రావద్దు, ఎందుకంటే ప్రపంచంలో రెండు రకాల సాక్ష్యమూ ఉంది. అమెరికాలో కొలరాడో కొండల్లో ఎర్రటి గొట్టం పూల మొక్క ఒకటుంది, స్కార్లెట్ గిలియా అంటారు, దానికి పరాగసంపర్కం చేసేది హమ్మింగ్‌బర్డ్ అనే బుల్లి పిట్ట, దోచేది ఒక బంబుల్‌బీ, అంటే ఒళ్ళంతా నూగున్న లావు తేనెటీగ. రెబెకా ఇర్విన్, ఆలిసన్ బ్రోడీ అనే ఇద్దరు చేసిన పరిశోధనల్లో ఏం తేలిందంటే, పూలలో 80 శాతానికి మించి దోపిడీ జరిగిన మొక్కల్లో విత్తనాలు బాగా తగ్గాయి. బంబుల్‌బీ గింజల్ని తినడం లేదు, అండాశయాన్ని ముట్టుకోవడం లేదు, మరెందుకు తగ్గాయి? తేనె లేని మొక్క దగ్గరికి హమ్మింగ్‌బర్డ్‌లు రావడం మానేశాయి, వచ్చినా తక్కువ పూలు చూసి వెళ్ళిపోయాయి. నష్టం చిల్లు వల్ల కాదు, గిరాకీ పోవడం వల్ల.

అదే అమెరికాలో నైరుతి ఎడారుల్లో ఒకోటియో అనే ముళ్ళ మొక్క మీద కథ తిరగబడింది. అక్కడ గొట్టం చీల్చేది మన గండు తుమ్మెదకి దగ్గరి చుట్టమే, జైలోకోపా కాలిఫోర్నికా. కానీ ఆ మొక్క పూలు గుత్తిగా దగ్గరదగ్గరగా ఉండి కేసరాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, తుమ్మెద ఒక పువ్వుని చీలుస్తూ పొట్టతో పక్క పూల పుప్పొడి అంతా పూసుకుంటుంది, అలా మొక్క పనీ అయిపోతుంది. 1993లో దీని మీద రాసినవాళ్ళు దొంగతనం అనలేదు, ఇద్దరికీ లాభమే అన్నారు. ఇంకో సంగతి కూడా ఉంది, ఒక మొక్క మీద తేనె కొంచెం తక్కువుంటే నిజాయితీ ఈగలు అక్కడే తిష్ట వెయ్యకుండా దూరపు మొక్కలకి పోతాయి, దాంతో పుప్పొడి కూడా దూరం పోవచ్చు. అందుకే స్ట్రా తొడిగిన పూలకీ తొడగని పూలకీ గింజల్లో తేడా లేకపోతే ప్రయోగం ఫెయిలైందనుకోవద్దు, అది కూడా జవాబే.

మొక్కలు ఊరికే కూర్చుంటాయనుకోకండి. లొట్టపీసు దగ్గరికి వెళ్ళండి, చెరువు గట్టు మీదో కాలవ పక్కనో ఎక్కడ చూసినా ఉండేదే, లేత ఊదా గరాటు పూలు పూస్తుంది. దాని ఆకు కాడ మీదా పూకాడ మీదా పువ్వుకి సంబంధం లేని చిన్న తేనె గ్రంథులు ఉంటాయి, భూతద్దంతో చూస్తే తెలుస్తాయి. వాటికి చీమలు వస్తాయి. పువ్వు చుట్టూ తచ్చాడే చీమలు అడుగున కన్నం వెయ్యడానికి వచ్చినవాళ్ళకి చిరాకు పెడతాయి. కాబట్టి ఇక్కడ చెయ్యాల్సింది ఏంటంటే, చీమలు బాగా ఉన్న మొక్కల మీద చిల్లు పూలెన్ని, చీమలు లేని మొక్కల మీద ఎన్ని, అని పక్కపక్కన లెక్కెయ్యడం. ఆ మొక్క విషం, మేకలు తిన్నా జబ్బు చేస్తుంది, పాలు చేతికంటితే కడుక్కోండి, కళ్ళు నులుముకోవద్దు.

ఇంకో మొక్క తేనెలో నికోటిన్ కలుపుతుంది, అడవి పొగాకు, మన ప్రకాశం, గుంటూరు వైపు పొగాకుకి చుట్టమే. అమెరికాలోని యూటాలో చేసిన ప్రయోగం 2008లో సైన్స్ పత్రికలో వచ్చింది, నికోటిన్ తయారవకుండా జీన్ నొక్కేసిన మొక్కల్ని పొలంలో పెడితే తేనె దోపిడీ పెరిగింది, పూలు తినే పురుగులూ పెరిగాయి. చేదు కలిపినా మంచి అతిథులు వస్తారు, కాకపోతే ఒక్కో పువ్వు దగ్గర కొంచెం కొంచెం తాగి ముందుకి పోతారు.

దొంగతనం ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారా అంటే, అవును. చిల్లున్న పూలు వాడి అలవాటుపడ్డ బంబుల్‌బీలు తర్వాత చిల్లు లేని పూలకి తామే చిల్లు పెట్టడానికి ఎక్కువగా సిద్ధపడతాయని లండన్‌లో 2008లోనే చూపించారు. స్విట్జర్లాండ్ ఆల్ప్స్‌లో ఇంకా తమాషా, ఒక మైదానంలో దోపిడీదార్లు ఎక్కువగా పువ్వుకి కుడివైపే కొరుకుతాయి, మరో మైదానంలో ఎడమవైపే. అందుకే మీరు కూడా చిల్లు ఉందా లేదా అనే కాకుండా ఏ వైపు ఉందో కూడా రాసుకోండి, పైవైపా, కిందివైపా, కుడా ఎడమా. మన దగ్గర టెకోమా మీద ఎవరైనా ఊరూరా ఇలా రాసుకుంటే భలే ఉంటుంది. బంబుల్‌బీలు మన తెలుగు ప్రాంతాల్లో ఉండవు, అవి హిమాలయాల వైపు, కాబట్టి అక్కడి లెక్క ఇక్కడికి తెచ్చి అతికించలేం.

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ఇంట్లో బ్లూబెర్రీ పెంచుతుంటే ఇది మీకే. జార్జియాలో రాబిట్‌ఐ రకం బ్లూబెర్రీ పూలకి గండు తుమ్మెదలు చీలికలు పెడతాయి, తర్వాత తేనెటీగలు ముందు ద్వారం మానేసి ఆ చీలికల్లోంచే తాగుతాయి, అక్కడి యూనివర్సిటీవాళ్ళు దీని మీద చాలా పని చేశారు. తేనెటీగలు కనబడుతున్నాయి కదా కాయ దిగుతుందిలే అని ధీమాగా ఉండొద్దు, అవి పువ్వు ముందు వాలుతున్నాయా పక్కన వాలుతున్నాయా చూడండి. డార్విన్ కూడా 1841లో ఒక తోటపని పత్రికకి ఉత్తరం రాస్తూ ఈ చిల్లుల సంగతే చెప్పాడు, ఆయన చిల్లులు చూసిన మొక్కల్లో మన ఇంటి ముందు సాయంత్రం పూసే చంద్రకాంత కూడా ఒకటి! గొట్టం సన్నగా పొడుగ్గా ఉండే పువ్వు కాబట్టి అదీ మీ లిస్టులో పెట్టుకోండి, కాకపోతే అది విచ్చేది సాయంత్రం, పొద్దున్నే వెళ్తే ముడుచుకుని ఉంటుంది.

ఇదంతా చదివి తుమ్మెదల్ని తోలెయ్యాలని స్ప్రే తియ్యకండి. టెకోమా దగ్గర దొంగే, కంది పువ్వు దగ్గర కాదు, అక్కడ నేరుగా కూర్చుని అడుగు రేకుల్ని తన బరువుతో కిందికి దించి పుప్పొడి ఒంటికి పూసుకుంటుంది. జిల్లేడుకి ముఖ్యమైన పనివాడు అదే. ప్యాషన్ ఫ్రూట్ తీగ వేసుకున్నవాళ్ళకి మరీ ముఖ్యం, ఆ పువ్వులో కేసరాలు ఎంత ఎత్తులో ఉంటాయంటే చిన్న తేనెటీగ కింద తేనె తాగి పోయినా పైన ఏమీ తగలదు, గండు తుమ్మెద వీపు సరిగ్గా అక్కడికి అందుతుంది. వంకాయ పువ్వుని పట్టుకుని గజగజా వణికిస్తుంది, ఆ వణుకుకి పుప్పొడి రాలుతుంది, మామూలు తేనెటీగకి ఆ విద్య రాదు. టమాటాకీ అంతే.

నిజంగా ఇబ్బంది ఉండేది ఇంటి కలపతో. వాసాల్లో, పాత గుమ్మాల్లో, ఎండిన వెదురులో గుండ్రంగా కన్నం తొలిచి లోపల గూడు కడుతుంది, కింద రంపపు పొట్టు రాలి ఉంటే అదే గుర్తు, కొయ్యని తినదు, తొలిచి పారేస్తుంది. పెయింటో వార్నిషో వేసిన కలప జోలికి తక్కువగా వస్తుంది కాబట్టి గుమ్మాలకి అది చేయించండి. ఇప్పటికే ఉన్న కన్నం పొడి పుట్టీతో మూసేముందు అందులో పిల్లలు పెరుగుతున్నాయేమో చూడండి, కన్నం దగ్గర రాకపోకలున్నంతకాలం ఆగి, అవి బయటికి వచ్చేశాక మూయండి, మూయకుండా వదిలేస్తే పాత గూళ్ళనే మళ్ళీ వాడుకునే అలవాటు ఉంది దీనికి. బదులుగా పెరట్లో ఓ మూల వాన తగలని చోట మందపాటి ఎండు కొమ్మ ఒకటి, ఒకవైపు కణుపు మూసి ఉన్న వెదురు ముక్కలు కొన్ని కట్టి పెట్టండి, కూరగాయల మడికి దగ్గర్లో పెడితే ఇంకా మంచిది.